మేడ మీద సోలార్: బోల్టుల తుప్పు, నెట్ మీటరు, సబ్సిడీ

మా దగ్గర సోలార్ పెట్టించుకున్నవారికి, పెట్టించుకోబోతున్నవారికి.

ముందు మా తప్పు. విశాఖలో లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు మేం బిగించిన కొన్ని స్ట్రక్చర్లకు, అంటే ప్యానెళ్లను మోసే ఇనుప చట్రాలకు, బోల్టులు తుప్పు పట్టాయి. స్ట్రక్చర్‌కు ఢోకా లేదు. దాని మీద కరిగిన జింకులో ముంచి వేసిన 80 మైక్రాన్ల హాట్ డిప్ పూత ఉంది. బోల్టులే మామూలు జింక్ ప్లేటింగువి, ఆ పూత పది మైక్రాన్లు కూడా ఉండదు. ఉప్పుగాలికి మొదట వాషరు కింద ఎర్రటి చార దిగుతుంది, తర్వాత నట్టు పట్టేసి స్పానరుకు లొంగదు. విశాఖలో స్ట్రక్చర్, దాన్ని పట్టి ఉంచే బోల్టులు కలిసి గంటకు 180 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపున్న మా కస్టమర్లందరికీ బోల్టులు, నట్లు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి మా ఖర్చుతోనే మారుస్తున్నాం. 304 గ్రేడుకు ఉప్పుగాలిలో గుంటలు పడతాయి. ముందు ఇంటి వైపు ఏసీ కరెంటు, తర్వాత ప్యానెళ్ల వైపు డీసీ కరెంటు ఆపి, ఒక్కో ప్యానెల్‌కే క్లాంపులు విప్పుతాం. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వేగంగా తిప్పితే కరుచుకుపోతాయి, కాబట్టి గ్రీజు రాసి చేత్తోనే బిగిస్తాం. కొత్త కొటేషన్లలో ఈ బోల్టుల ధర విడిగా కనిపిస్తుంది.

రెండోది సబ్సిడీ. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, అంతకు మించితే 78,000 రూపాయలు. ఇకపై దీన్ని ధరలోంచి తీసేసి చూపించం. అది పని పూర్తయ్యాక నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. కేంద్రం సబ్సిడీ, బ్యాంకు లోను, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ పెట్టే మీటరు, మా పని: ఇందులో ఒక్కరి కాగితం ఆగినా మిగతావన్నీ ఆగుతాయి. ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. కరెంటు బిల్లు తాతగారి పేరునో, ఇల్లు అమ్మినవారి పేరునో ఉంటుంది. దరఖాస్తుకు ముందే పేరు మార్పించుకోండి. ప్యానెలే కాదు, అందులోని సోలార్ సెల్ కూడా మన దేశంలో తయారైనదైతేనే సబ్సిడీ వస్తుంది. తక్కువకు ఇస్తామన్నవారిని ముందు ఆ మాటే అడగండి.

మీరు వాడిన యూనిట్లను, బయటికి పంపినవాటిని వేర్వేరుగా లెక్కేసే నెట్ మీటరు పెట్టేదాకా సిస్టమ్ ఆన్ చేయకండి. చాలా పాత మీటర్లు మీరు బయటికి పంపిన యూనిట్లను కూడా వాడకంగానే లెక్కేస్తాయి, బిల్లు పెరుగుతుంది. కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. మీ సోలార్ కరెంటు లైన్లోకి వెళ్లి, దాని మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటది, లోపం కాదు.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) ఆగి ఆగి పనిచేస్తుంటే డిస్‌ప్లేలో వోల్టేజీ చూడండి. 250 దాటి ఉంటే మాకు చెప్పండి. మేడ నుంచి మీటరుకు దిగిన కేబుల్ సన్నగా ఉందేమో ముందు మేం చూస్తాం. అది సరిగ్గా ఉంటే, వోల్టేజీ తగ్గేలా ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ మార్చమని ఈపీడీసీఎల్‌కు అర్జీ పెట్టాలి. ఆ అర్జీ మేమే రాసిస్తాం.

విశాఖలోని ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలే ప్యానెళ్లు 2 మెగావాట్లు. 3 కిలోవాట్ల మేడలు 670 కలిస్తే అంత సామర్థ్యం. అందుకే ఒక్కో మేడా సరిగ్గా నడవాలని మా పట్టుదల.

ఈ వారం పొద్దున్నే మేడెక్కి వాషర్ల కింద చూడండి. ఎర్ర చార ఉంటే ఫోటో తీసి, మీ కరెంటు సర్వీసు నంబరు కూడా రాసి మాకు వాట్సాప్ చేయండి. భీమిలి వైపు నుంచి మొదలుపెట్టి, అక్టోబరు తుఫాన్ల లోపు అన్నీ మార్చేస్తాం.