శాలువాలు సరే, కౌన్సెలర్ ఏరీ?

అయ్యా,

పోయిన వారం జిల్లా పేజీలో ఒక కాలేజీ 'భావోద్వేగ ప్రజ్ఞ' (అంటే మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ అర్థం చేసుకునే నేర్పు) సదస్సు వార్త వేశారు. ఫొటోలో వేదిక మీదున్నవాళ్లను లెక్కపెట్టాను, పదకొండు మంది. శాలువాలూ జ్ఞాపికలూ అయ్యేసరికి భోజనాల వేళయిందని అక్కడే డిగ్రీ చదివే మా మనవడు చెప్పాడు. ఉన్న కాస్త టైములో వక్తగారు 'రిస్క్ తీసుకోండి' అని మూడుసార్లు చప్పట్లు కొట్టించారట.

ఆ పాఠం మావాళ్లకు కొత్తగా చెప్పాలా? సాయంత్రం అలిపిరి రోడ్డులో నిలబడి చూడండి. బండికి ముగ్గురు, హెల్మెట్ మోచేతికి. చలానా నాన్న ఫోనుకు పోతుంది, వీళ్లకేం నొప్పి? వానల్లో మావాడు స్నేహితులతో తలకోన జలపాతానికి వెళ్లి మోకాలు చీల్చుకొచ్చాడు. ఈత రాదు కదరా, ఎందుకు దిగావంటే, "అందరూ దిగినారు తాతా. దిగకపోతే గ్రూపులో నాకు పేరు పెడతారు" అన్నాడు.

2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే అమెరికా పరిశోధకులు కంప్యూటర్లో కారు ఆట ఆడించి ఇదే చూశారు. ఒంటరిగా ఆడినవాళ్లకన్నా స్నేహితులు పక్కనున్న కుర్రాళ్లు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా అంతగా లేదు. అంటే ప్రమాదం తెలీక కాదు, భయమేస్తోందని నలుగురిలో ఒప్పుకోలేక. సదస్సు పెడితే దీని మీద పెట్టాలి.

వంద మంది విద్యార్థులుంటే కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ విశాఖలో చనిపోయిన విద్యార్థిని కేసులో. మావాడి కాలేజీలోనూ కౌన్సెలింగ్ గది ఉందండోయ్, బోర్డుతో సహా! ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూశాను. కాళ్లు విరిగిన బెంచీలు, జవాబు పత్రాల కట్టలు, నిరుటి ఫ్లెక్సీ. తాళం ఎవరిదగ్గరుందంటే అటెండరు "సారొస్తే అడగండి" అన్నాడు. ఏ సారో అతనికీ తెలీదు.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లోనూ కౌన్సెలర్లు లేరు, నిజమే. కానీ టీ బంకు దగ్గర "ఏమబ్బా, మొగమట్లుంది?" అని అడిగే అయివారు ఒకరుండేవారు. ఇప్పుడు ఆయన్నీ కాలేజీలకు గ్రేడిచ్చే న్యాక్ సంస్థ ఫైళ్లకు కట్టేశారు. తనిఖీకొచ్చే అధికారులైనా ఆ గది తలుపు తీయమనరు. ఫైల్లో ఫొటో ఉంటే వాళ్లకు చాలు.

మావాడికి సదస్సు సర్టిఫికెట్ ఇచ్చారు. బండి డిక్కీలో ఆర్సీ పక్కన పెట్టుకున్నాడు. హెల్మెట్ మాత్రం అందులో పట్టదట.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, భవానీనగర్, తిరుపతి