రెండో తరగతి టీచర్లకు, సోమవారం పాఠాల గురించి
మేడమ్‌లకు, సార్లకు నమస్కారం. స్థానమార్పిడి తీసివేతలు, అంటే ఒకట్లు చాలనప్పుడు ఒక పదిని విడగొట్టి చేసేవి, మొదలుపెడుతున్నాం కదా, దయచేసి నేరుగా బోర్డు మీదికి వెళ్లొద్దు. చీపురుపుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టించండి. ఇద్దరు పిల్లల జతకు అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. 52లోంచి 27 తీయమంటే విడి పుల్లలు చాలవు. అప్పుడు పిల్లలే ఒక కట్ట విప్పి పన్నెండు చేసుకోవాలి. మనం విప్పి చూపిస్తే లాభం లేదు, వాళ్ల చేత్తోనే జరగాలి. ఆ తర్వాతే పలక మీద లెక్క.

తెలుగు పీరియడ్‌కు ఊరి పేర్ల కార్డులు: అద్దంకి, చీమకుర్తి, కొత్తపట్నం. ఒత్తు మీద వేలు పెట్టి గట్టిగా చదివించండి. బస్సు బోర్డుల మీద చూసే పేర్లే కాబట్టి చదువంటే బెరుకున్న పిల్లలు కూడా నోరు విప్పుతారు. తప్పు చదివితే మనం వెంటనే అందుకోకుండా, జతలో పిల్లల్ని సరిచేయనిద్దాం. కార్డులు నేను రాసి పంపుతాను. పుల్లలు మాత్రం మీ బడిలోనే సిద్ధం చేసుకోండి.