విమానం దిగేముందు పసిబిడ్డను నిద్ర లేపండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత కార్తీకమాసంలో మా అమ్మాయినీ, ఇరవై రెండు నెలల మనవరాలినీ వెంటబెట్టుకుని గన్నవరం నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లాను. అల్లుడికి అక్కడికి బదిలీ అయింది. మా ముగ్గురికీ అదే తొలి విమానయానం కావడంతో పక్షం రోజుల ముందునుంచే ఇంట్లో హడావిడి మొదలైంది. సంచులను రెండేసిసార్లు తూచాం, ఉత్తరాది చలికి ఉన్ని బట్టలు కొన్నాం, టికెట్ల కాగితాలు ముగ్గురి దగ్గరా ఒక్కో జత ఉంచుకున్నాం. పిల్లను మాత్రం ఆ ప్రయాణానికి సిద్ధం చేయలేదు. చేయాలని మాకు తెలియదు, చెప్పినవారూ లేరు. ఆ లోటు మరో ఇంట్లో రాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

విమానం పైకి లేచేటప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. పాలు తాగుతూనే తల్లి ఒడిలో నిద్రపోయింది. పడుకుంది కదా అని మేమూ ఊపిరి పీల్చుకుని కదిలించలేదు. ఢిల్లీ ఇంకో అరగంటలో వస్తుందనగా కెవ్వున అరిచి లేచింది. కుడిచెవిని గుప్పిట్లో పట్టుకుని లాగేస్తోంది. పోగు వేళ్ల మధ్య ఇరుక్కుని చెవితమ్మె ఎర్రగా కందిపోయినా వదలడం లేదు. పాలసీసా ఉన్న సంచి తలపై అరలో ఉంది, బెల్టు పెట్టుకోమనే దీపం వెలిగింది కనుక లేచి తీయడానికి వీల్లేదు. నేల మీద చక్రాలు ఆనేదాకా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది, మా అమ్మాయి కూడా ఏడ్చింది. చుట్టుపక్కలవారి చూపులకన్నా, ఎక్కడ నొప్పి పుడుతోందో చెప్పలేని పసిదాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవలసి రావడమే నన్ను ఎక్కువ బాధించింది.

తెనాలిలో మా పిల్లల వైద్యుడికి ఫోన్ చేసినప్పుడు ఆయన ఓపికగా వివరించారు. కర్ణభేరి వెనుకనున్న గదికీ గొంతుకూ మధ్య ఒక సన్నని నాళం ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి మారినప్పుడు లోపలి ఒత్తిడిని దానికి సరిచేసేది ఆ నాళమే. విమానం పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి సులువుగానే బయటకు వచ్చేస్తుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం గాలి లోపలికి పోవాలి. అందుకు నాళం తెరుచుకోవాలి. గుటక వేసినప్పుడో, ఆవులించినప్పుడో అది తెరుచుకుంటుంది. పెద్దవాళ్లం చెవులు దిబ్బడ వేయగానే తెలియకుండానే గుటకలు మింగుతాం. పసిపిల్లల్లో ఆ నాళం మరింత సన్నగా, వాలు లేకుండా ఉంటుంది. పైగా నిద్రలో గుటకలు తగ్గిపోతాయి. నిద్రపోతున్న బిడ్డను లేపకుండా ఉండటం దయ అనుకున్నాం గానీ, ఆ నిద్రే దాని చెవికి శిక్ష అయింది. విమానం దిగడం మొదలవగానే బిడ్డను లేపి, పాలో నీళ్లో కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలనీ, తల్లిపాలు తాగే బిడ్డకు చన్ను అందిస్తే చాలనీ, జలుబు గానీ చెవిపోటు గానీ ఉంటే ప్రయాణానికి ముందే చూపించుకోవాలనీ ఆయన చెప్పారు. అంత చిన్న సంగతి మాకు ముందు తెలిసి ఉంటే పాలసీసా తలపై అరలోకి పోయేది కాదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు చేయబోయి తప్పించుకున్నాం, దాన్ని కూడా చెప్పాలి. ప్రయాణానికి ముందురోజు తెలిసినవారిద్దరు ‘ఒక చెంచా జలుబు మందు పట్టండి, దిగేదాకా కిమ్మనకుండా పడుకుంటుంది’ అన్నారు. మందుల దుకాణంలో చీటీ కూడా అడక్కుండా సీసా చేతిలో పెట్టారు. ఎందుకైనా మంచిదని అదే వైద్యుణ్ణి అడిగితే ఆయన గట్టిగా మందలించారు. మత్తు కలిగించే ఇలాంటి మందుల్లో ప్రొమెథజైన్‌ను రెండేళ్లలోపు పిల్లలకు అసలే వాడకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. కొందరు పిల్లలకు ఈ మందులతో నిద్ర రాకపోగా చిరాకు, ఏడుపు ఎక్కువవుతాయి కూడా. ఒకవేళ మత్తులో పడుకున్నా, దిగేటప్పుడు గుటక వేయవలసిన బిడ్డను మనమే మొద్దునిద్రలో ముంచినట్లవుతుంది. తోటి ప్రయాణికుల ప్రశాంతత కోసం పసిబిడ్డకు మందు పోయడం ఏ రకంగానూ సమర్థించుకోదగిన పని కాదు.

కాగితాల విషయంలోనూ మాకు దెబ్బ తగిలింది. రెండేళ్లు నిండని బిడ్డ పెద్దల ఒడిలో కూర్చోవచ్చు. నిండిన బిడ్డకు విడిగా సీటూ, దానికి టికెట్టూ తప్పనిసరి. ఆ వయసును ప్రయాణం చేసే రోజు నాటికి లెక్కిస్తారు. మా టికెట్లు తీసిన ఏజెంటు రానూపోనూ ఒడిబిడ్డగానే రాయించాడు. సంక్రాంతి దాటాక తిరిగి వచ్చేనాటికి మనవరాలికి రెండేళ్లు నిండి తొమ్మిది రోజులైంది. విమానాశ్రయంలో జనన ధ్రువపత్రం చూసి ఆపేశారు, అప్పటికప్పుడు ఆనాటి ధరకు మరో టికెట్టు కొనవలసి వచ్చింది. నియమం సరైనదే, ముందే చెప్పకపోవడం తప్పు. మన దగ్గర చాలామంది జనన ధ్రువపత్రాల్లో పేరు గడి ఖాళీగానే ఉండిపోతుంది. బారసాలలో పెట్టిన పేరును మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో రాయించడం మరిచిపోతారు. పుట్టిన పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తరువాత పదిహేనేళ్ల వరకు రుసుముతో చేర్పించుకోవచ్చు. టికెట్టు మీద ముద్దుపేరు కాక ఆ ధ్రువపత్రంలోని పేరే ఉండాలి.

తిరుగు ప్రయాణానికి వారం ముందునుంచీ పిల్లను సిద్ధం చేశాం. రోజూ సాయంత్రం చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, మా అమ్మాయి చున్నీని నడుముకు వదులుగా చుట్టి ‘బెల్టు’ అని పేరు పెట్టాం. మొదటిరోజు నిమిషం కూడా నిలవలేదు, మూడోరోజుకు చున్నీ తనే తెచ్చి ఇచ్చింది. విమానం హోరుకు బెదరకుండా, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నంతసేపూ ‘విమానం వస్తోంది’ అంటూ ఆడించాం. విమానంలో పాలసీసా, మూతగల గ్లాసు, ఇడ్లీ ముక్కలు, అరటిపండు, ఒక జత బట్టలు కాళ్ల దగ్గరి సంచిలోనే ఉంచుకున్నాం. వేరుశనగ గింజలు, చేగోడీల వంటివి ఆ వయసు పిల్లలకు గొంతులో అడ్డం పడతాయి కనుక తీసుకెళ్లలేదు. దిగడం మొదలైందని విమాన సిబ్బంది చెప్పగానే పాపను లేపి గ్లాసు నోటికందించాం. రెండుసార్లు చెవి తడుముకుంది, ఒకసారి ముఖం చిట్లించింది, అంతకుమించి ఏమీ లేదు.

వెళ్లేటప్పుడు మా వరుసలోనే ఒడిబిడ్డతో కూర్చున్న మరో తల్లిని సిబ్బంది వేరే వరుసకు పంపినప్పుడు ఆమె చిన్నబుచ్చుకుంది. గాలి ఒత్తిడి తగ్గితే పైనుంచి జారే ఆక్సిజన్ ముసుగులు సీట్ల లెక్క కన్నా ఒక్కటే ఎక్కువ ఉంటాయి కనుక ఒక వైపు వరుసలో ఒక ఒడిబిడ్డనే కూర్చోనిస్తారని ఆమెకు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే నొచ్చుకునేది కాదు.

నా విజ్ఞప్తి విమాన సంస్థలకు. గన్నవరం, రేణిగుంట, మధురపూడి, విశాఖ, శంషాబాద్‌ల నుంచి చంటిపిల్లలతో ఢిల్లీకో, దుబాయికో, అమెరికాకో వెళ్లే అమ్మలూ అమ్మమ్మలూ తక్కువేమీ కాదు; వారిలో ఇంగ్లీషు, హిందీ ప్రకటనలు అర్థంకానివారు ఎందరో ఉన్నారు. పసిబిడ్డ పేరున టికెట్టు తీసిన ప్రతి ఇంటికీ వయసు నియమం, కావలసిన పత్రాలు, చెవి జాగ్రత్త తెలుగులో ఒక సందేశంగా పంపించండి. బెల్టు దీపం వెలిగించడానికి ముందే, ఇంకా లేచి సంచి తీసుకునే వీలుండగానే, ‘విమానం దిగబోతోంది, పసిపిల్లలను లేపి పాలు పట్టండి’ అని తెలుగులో ఒక్క మాట చెప్పించండి.

భవదీయురాలు,
ఒక అమ్మమ్మ, తెనాలి