జాంబీలు పాతవే, మోత మాత్రం కొత్తది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 'రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్ పార్ట్ టూ' డీవీడీలో అసలు సంగీతం లేకపోవడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

పోయిన నెల మీ వెబ్‌సైటులో పై డీవీడీ కొన్నాను. ఖరీదు 899 రూపాయలు, డెలివరీకి మరో 60. పేజీలో 'ఒరిజినల్ ఆడియో' అని రాసి ఉంది. పార్శిల్ చక్కగానే వచ్చింది, డిస్కు మీద గీత కూడా లేదు. బొమ్మకి వంక పెట్టను. చిక్కంతా చెవులకే వచ్చింది.

శ్మశానంలో శవాలు లేచే చోట జె. పీటర్ రాబిన్సన్ కట్టిన సంగీతం లేదు, వేరేదేదో మోగుతోంది. 2004లో అమెరికాలో వచ్చిన డీవీడీ నాటి నుంచీ ఈ సినిమాకి పట్టిన తెగులే ఇది. 2018లో అక్కడి బ్లూరేలో థియేటర్ ఆడియో చాలావరకు తిరిగొచ్చింది. హక్కుల గొడవలేవో ఉండే ఉంటాయి, కాదనను. 'సంగీతం మార్చబడినది' అని ఒక్క ముక్క రాసుంటే నేను కొనేవాణ్ణే కాదు.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "కామెడీ సినిమానే కదా సార్, మ్యూజిక్ మారితే ఏమైంది?" అంది. ఇంత పొడుగు ఉత్తరం అందుకే.

ఇదేదో కళాఖండమని నేననడం లేదు. 1985లో డాన్ ఓబానన్ తీసిన మొదటి భాగం ముందు ఇది దిగదుడుపే. అందులో విషవాయువు పీల్చి మెల్లమెల్లగా శవాలైపోయిన నటులు జేమ్స్ కారెన్, థామ్ మాథ్యూస్‌లే 1988లో కెన్ వీడర్‌హార్న్ తీసిన ఈ రెండో దాంట్లో సమాధులు దోచే దొంగలుగా వచ్చారు. పేర్లు వేరు, ఏడుపులు మాత్రం అవే. ఇదంతా మనకి ఇదివరకే జరిగినట్టుందే అని సినిమాలోనే వాపోతారు కూడా. మిలిటరీ ట్రక్కులోంచి దొర్లిపడ్డ విషవాయువు పీపా, దాన్ని కెలికే కుర్రాళ్లు, చివర్లో కరెంటు షాకుకి గిలగిలా కొట్టుకునే శవాల్లో ఎర్రకోటు తొడుక్కున్న మైకేల్ జాక్సన్ జాంబీ ఒకడు. ఇవన్నీ ముచ్చటే గాని, మా ఇంటికి సంబంధించినంతవరకు ఈ సినిమా అంటే ఆ సంగీతమే.

1994 వేసవిలో విజయవాడలో అమ్మమ్మ గారింట్లో అద్దె వీసీఆర్ పెట్టి చూశాం. కాపీకి కాపీ తీసిన క్యాసెట్, తెర నిండా గీతలు. అన్నయ్యకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా మాకు తెలుగులో చెప్పేవాడు. శవాలు "బ్రెయిన్స్" అని మూలిగినప్పుడల్లా "తలకాయ కూర కావాలంట్రా" అనేవాడు. వంటింట్లోంచి అమ్మమ్మ, "శనివారం పూట తలకాయ కూరేంట్రా సచ్చినోళ్లారా" అని కేకేసింది. ఆ వేసవంతా రాత్రి పెరట్లోకి వెళ్లాల్సొస్తే, భయం తెలియకుండా అన్నయ్య ఆ శ్మశానం మోతే నోటితో వాయించుకుంటూ వెళ్లేవాడు.

ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. ఈ సంక్రాంతికి వస్తున్నాడనే ఈ డిస్కు తెప్పించాను. కనుమ నాడు మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. శ్మశానం సీను రాగానే దరువేయడానికి కుర్చీ చెయ్యి మీదికి వేళ్లు పోనిచ్చాడు. రెండు దెబ్బలు కొట్టాడు, మూడోది కొట్టలేదు. "ఇది కాదురా" అన్నాడు. తర్వాత పిల్లలు క్రికెట్ పెట్టుకున్నారు.

థియేటర్ ఆడియో ఉన్న డిస్కు పంపండి, లేదా 959 రూపాయలూ వెనక్కివ్వండి. ఆ పేజీలో 'ఒరిజినల్' అన్న మాట ఎలాగూ తీసెయ్యండి. బిల్లు కాపీ జత చేశాను, డిస్కు అట్టపెట్టెతో సహా సిద్ధంగా ఉంది. వారంలోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను.

అన్నయ్య ఈ నెల 28న తిరుగు ప్రయాణం. డిస్కే పంపేట్టయితే ఈలోపు అందేలా చూడగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు