స్టేషన్లు ఉన్నాయి, వాటి దాకా వెళ్లే దారే లేదు

సంపాదకులకు నమస్కారం.

మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు రెండూ అందుబాటులో ఉన్న హైదరాబాద్ శివారు కాలనీల్లో కూడా జనం కార్లు కొని ట్రాఫిక్ పెంచుతున్నారని పది రోజుల కిందట మీ పత్రికలో చదివాను. తప్పంతా జనం నెత్తిన వేసిన ఆ తీరు చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. చందానగర్, హఫీజ్‌పేట, మియాపూర్ ప్రాంతంలో కారు లేకుండా బతకొచ్చు, ఎంతోమంది బతుకుతున్నారు కూడా. కాని అది ఏర్పాట్లు బాగుండి కాదు, వాళ్లకు ఓపిక ఉండి.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో వచ్చింది. కనీస టికెట్ ఇప్పటికీ 5 రూపాయలే. అయితే లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా దానికంటూ వేరే పట్టాలు లేవు. వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్‌ను ఆపేస్తారు. ఆఫీసు వేళ పది నిమిషాలు ఆగితే అటు మెట్రో, బస్సు లెక్కంతా తప్పుతుంది. ఆదివారాలు పట్టాల మరమ్మతులని సర్వీసులు రద్దు చేస్తుంటారు. కొత్తవాళ్లకు ఇంకో చిక్కుంది. మొబైల్ యాప్‌లో టికెట్ స్టేషన్‌లో అడుగుపెట్టక ముందే తీసుకోవాలి. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాక తీసుకోవాలంటే అక్కడి గోడమీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిందే. ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాసి గేటు దగ్గర తగిలిస్తే ఎంతమందికి రైలు తప్పిపోకుండా ఉంటుంది!

హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్‌కు ఒక స్టేషన్, మెట్రోకు ఒక స్టేషన్ ఉన్నాయి. పేరొక్కటే గాని రెండింటి మధ్య రెండు కిలోమీటర్ల పైనే దూరం. అందుకే ఇటువైపు నుంచి ఎల్బీనగర్ వెళ్లేవాళ్లు భరత్‌నగర్‌లో దిగి మెట్రో ఎక్కడం మేలు. మళ్లీ కొత్త టికెట్ కొనాలి, అది వేరే సంగతి. మెట్రో రైలుకేమో మూడే పెట్టెలు. ఆరు పెట్టెలకు సరిపడా ప్లాట్‌ఫాంలు కట్టి సగం ఖాళీగా ఉంచారు. సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారేవాళ్లను అడగండి, ఆ ఖాళీ విలువ ఎంతో చెబుతారు.

అసలు బాధ రైలు దిగాకే మొదలవుతుంది. హఫీజ్‌పేట, చందానగర్ స్టేషన్ల నుంచి మియాపూర్ మెట్రోకు మహా అయితే మూడు నాలుగు కిలోమీటర్లు. రైలు వేళకు అందేలా తిరిగే బస్సు లేదు. ఆటో కనీస చార్జీ 2014 నుంచి కాగితం మీద 20 రూపాయలే, మీటరు వేసే ఆటోను చూపించమనండి! రైలుకు 5 రూపాయలు పెట్టిన మనిషి రైలు దాకా వెళ్లడానికి దానికి పదింతలు పెట్టాలా? ఒకప్పుడు సెట్విన్ మినీ బస్సులు పెద్ద బస్సులు దూరని సందుల్లో కూడా తిరిగేవి. అలాంటివి నాలుగైదు చాలు, ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా పావుగంటకొకటి తిప్పితే.

నడిచి వెళ్దామా అంటే ఫుట్‌పాత్ ఏది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మనిషి నడవడానికి అడ్డం లేని వెడల్పు 1.8 మీటర్లు ఉండాలి, రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ముంబై హైవే పక్కన టేపు పట్టుకుని కొలవండి. అడుగున్నర ఎత్తు గట్టు, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, పక్కనే బైకులు, దుకాణానికో ర్యాంపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ పది గజాలకోసారి ఎక్కి దిగలేక రోడ్డు మీద నడుస్తుంది, ఎదురుగా రాంగ్ రూట్లో బైకులు. అధికారులకు ఫ్లైఓవర్ అనగానే నిధులు దొరుకుతాయి. ఫ్లైఓవర్ మీద పోయే బస్సు కింద స్టాపులో ఆగదన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చారు, మంచిదే. జనం పెరిగినంతగా బస్సులు కూడా పెంచాలి కదా.

రైలు, మెట్రో, బస్సులను కలిపి చూడటానికి 2008లోనే ఉమ్టా అని ఒక సంస్థ పెట్టారు. ఇన్నేళ్లయినా మూడింటికీ కలిపి ఒకే టికెట్ రాలేదు. చెన్నైలో 2025 సెప్టెంబరు నుంచి సిటీ బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ ఒకే యాప్‌లో ఒకే టికెట్ ఇస్తున్నారు. వాళ్లకు చేతనైంది మనకెందుకు చేతకాదో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలి. ఈలోగా హఫీజ్‌పేట స్టేషన్ నుంచి మియాపూర్ మెట్రో దాకా ఒక్క ఫుట్‌పాత్ 1.8 మీటర్ల వెడల్పుతో, తెగకుండా వేయించండి.

— ఒక పాఠకురాలు, చందానగర్, హైదరాబాద్