అనుమానం తేలాక ఆమెకు తోడెవరు?

సంపాదకులకు నమస్కారం.

మహిళల్లో క్యాన్సర్ అనగానే అందరూ ఉచిత పరీక్షల గురించి, కొత్త యంత్రాల గురించి మాట్లాడతారు. అవి కావాలి. కానీ పరీక్షలో అనుమానం ఉందని తేలిన పేద మహిళ ఆ తర్వాత ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. బయాప్సీకి, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు, ఒక చోటికి వెళ్లాలి, రిపోర్టుకు మళ్లీ రావాలి. ఆపైన సర్జరీ, కీమో, రేడియేషన్, ఒక్కోదానికి ఒక్కో విభాగం. వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి. సూది గుచ్చితే గడ్డ పాకుతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడతారు. ఆ టెన్షన్‌లో ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. రాలేదేమిటని వాకబు చేసే మనిషి ఆసుపత్రిలో ఉండరు.

ఆ మనిషే పేషెంట్ నావిగేటర్. వైద్యం చేయరు. అపాయింట్‌మెంట్ ఇప్పిస్తారు, డాక్టర్ చెప్పింది అర్థమయ్యేలా మళ్లీ చెబుతారు, ఆర్థిక సాయానికి దరఖాస్తు నింపిస్తారు, రాకపోతే ఫోన్ చేస్తారు, అవసరమైతే ఇంట్లోవాళ్లకు నచ్చజెబుతారు.

1990లో న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. అంతకుముందు, 1986 వరకు 22 ఏళ్లలో అక్కడికి రొమ్ము క్యాన్సర్‌తో వచ్చిన 606 మందిలో దాదాపు సగం మంది వ్యాధి ముదిరాకే వచ్చారు. ఐదేళ్లు బతికింది 39 శాతమే. ఉచితంగా, తక్కువ ఖర్చుతో పరీక్షలు చేస్తూ నావిగేటర్లను కూడా పెట్టాక, 1995-2000 మధ్య వచ్చినవాళ్లలో అది 70 శాతానికి చేరింది. పరీక్షలు, తోడు నడిచే మనుషులు కలిసి తెచ్చిన ఫలితమిది. నేను కోరేదీ ఆ రెండూ కలిసి ఉండాలనే.

ఈ పని నర్సులే చేయొచ్చు కదా అంటారు. వార్డు వదిలి ఒక్కో రోగి వెంట తిరిగే తీరిక వాళ్లకెక్కడిది? చాలాచోట్ల విరాళాలతోనో గ్రాంటుతోనో నావిగేటర్లను పెడతారు. ఆ డబ్బు అయిపోగానే వాళ్లూ వెళ్లిపోతారు, సగం చికిత్సలో ఉన్న మహిళ మళ్లీ ఒంటరి. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. అమెరికాలో ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2024 నుంచి ఈ సేవలకు విడిగా చెల్లిస్తోంది. మన దేశంలోనూ టాటా మెమోరియల్ సెంటర్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌తో కలిసి 'కేవట్' పేరుతో ఇలాంటివాళ్లకు శిక్షణ మొదలుపెట్టింది. అంటే ఇది నేర్పగలిగిన పనే, జీతమిచ్చి చేయించగలిగిన పనే.

క్యాన్సర్ చికిత్స చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో నావిగేటర్లకు శాశ్వత పోస్టులు ఇవ్వాలి. ఎంతమందికి పరీక్షలు చేశారో చెప్పే నివేదికల్లోనే, అనుమానం తేలినవాళ్లలో ఎంతమంది చికిత్స మొదలుపెట్టారో, అందుకు ఎన్ని రోజులు పట్టిందో, ఎంతమంది పూర్తి చేశారో కూడా ప్రకటించాలి.

— ఒక పాఠకురాలు