వార్షిక నివేదిక 2024–25: మత్తు ఇంజెక్షన్లు, హెచ్‌ఐవీ, మన ఆడవాళ్ల ఆరోగ్యం

హెచ్‌ఐవీతో బతుకుతున్న మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) సెంటర్‌కు రావడం మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి మళ్లీ మందుల దారిలో పెట్టడం, పింఛను కాగితాలు రాయించడం, డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం కార్యక్రమం ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. ఏఆర్‌టీ పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు అయ్యాక దాని కోసం అడిగేవాళ్లు పెరిగారు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ఒక్క విషయానికే ఇస్తున్నాం. మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడిన హెచ్‌ఐవీ సభ్యుల్లో ఆడవాళ్ల గురించి ఎవరూ అడగడం లేదు కాబట్టి.

సూదులతో హెచ్‌ఐవీ అనగానే మిజోరం, నాగాలాండ్, మణిపూర్, పంజాబ్ గుర్తొస్తాయి. ఆంధ్రలో ఎక్కువగా వ్యాపించింది లైంగికంగానే. అందుకే తిరుపతిలో, చిత్తూరులో ఈ మాట ఎత్తితే మన దగ్గర అదెక్కడుంది అంటారు. ఉంది. నొప్పికి వాడే ఇంజెక్షన్లతో మొదలై వదల్లేకపోయినవాళ్లు మనలోనే ఉన్నారు. మగవాళ్లయితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడతారు. ఆడవాళ్లు పరువుకు, పిల్లలకు భయపడి నోరు విప్పరు.

మన మహిళా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి నిదానంగా మాట్లాడాక కొన్ని సంగతులు తెలిశాయి. చాలాచోట్ల ముందు భర్త పొడుచుకుంటాడు, ఆ తర్వాత అదే సిరంజితో భార్యకు పొడుస్తాడు. ఆమెకు తన నరం తాను పట్టుకోవడం రాదు. కొత్త సిరంజి కావాలని గట్టిగా అడిగే ధైర్యమూ ఉండదు. ఇతర దేశాల పరిశోధనల్లోనూ ఇదే కనబడింది. ఇలా సూది పంచుకుంటే హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బు ఇంకా సులువుగా అంటుకుంటుంది. దీనికి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. కానీ ఒకసారి నయమైనా మళ్లీ రావచ్చు. అందుకే ఈ ఏడాది నుంచి భార్యాభర్తలిద్దరినీ కలిపే పరీక్షకు తీసుకెళ్తున్నాం.

ఇంకో సంగతి నెలసరి. ఈ మత్తు మందులు వాడేవాళ్లకు నెలసరి తప్పడం మామూలే. ఇక గర్భం రాదనుకుంటారు. తీరా కడుపు కనబడేదాకా తెలియదు. అప్పుడు భయపడి మత్తు ఒక్కసారిగా మానేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. మత్తు ఇంజెక్షన్లకు బదులుగా డాక్టరు పర్యవేక్షణలో నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. ఏఆర్‌టీ సక్రమంగా వాడుతూ, పుట్టాక బిడ్డకు మందు వేయిస్తే హెచ్‌ఐవీ సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. నెలసరి తప్పిన ప్రతి సభ్యురాలూ ముందు గర్భ పరీక్ష చేయించుకోవాలి.

హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మిగతావాళ్లకు 30 ఏళ్ల నుంచి స్క్రీనింగ్ చేయమంటే, మనవాళ్లకు 25 నుంచే చేయమంది. ఈ పరీక్ష పేరు కూడా వినని సభ్యులు చాలామంది. ఏఆర్‌టీకి వచ్చిన రోజే ఇదీ అయ్యేలా చూడమని డాక్టర్లను కోరుతున్నాం. కుప్పం వైపు నుంచి రెండోసారి బస్సెక్కి రావడం ఎవరివల్ల అవుతుంది?

మగవాళ్ల కష్టం తక్కువని కాదు. వాళ్లు పరీక్షకు ఆలస్యంగా వస్తారు, తాగుడుతో మందులు మధ్యలో ఆపేస్తారు, టీబీ కూడా వాళ్లలోనే ఎక్కువ. ఆడవాళ్లలో దిగులు, ఇంట్లో దెబ్బలు, మందులు దాచుకోవాల్సిన టెన్షన్ ఎక్కువ. ఒక చెల్లెలు మాత్రల డబ్బా గలగలమనకుండా లోపల దూది కుక్కి, లేబుల్ చించేసి బియ్యంలో దాచుకుంటోంది. కొందరు కొండకు పోయొస్తామని ఇంట్లో చెప్పి తిరుపతికి మందులకు వస్తారు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనబడనంత తగ్గితే లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ భరోసాను సూది పంచుకోవడానికి వర్తింపజేయకండి.

ఒక ఆసుపత్రిలో మన సభ్యురాలి కేస్ షీట్ మీద అందరికీ కనబడేలా హెచ్‌ఐవీ అని రాశారు. మనం వెళ్లి మాట్లాడాక తీసేశారు. 2018 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చిన 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు, వైద్యం నిరాకరించకూడదు. ఎక్కడైనా ఇలా జరిగితే ఆ రోజే ఆఫీసుకు చెప్పండి.

ఆడవాళ్ల మీటింగ్ విడిగా, పిల్లలు బడి నుంచి రాకముందే, మధ్యాహ్నం పెడుతున్నాం. బోర్డు పెట్టడం లేదు. మత్తు మానిపించే కేంద్రాల్లో ఆడవాళ్లకు వేరే సమయం, మహిళా కౌన్సెలర్ కావాలని అధికారులకు అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే ఏడాది ముందు చేయాల్సిన పని దాని వెంట పడటమే.

జమాఖర్చుల పుస్తకం ఆఫీసులో ఉంది, సభ్యులెవరైనా చూడొచ్చు. మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి అక్కచెల్లెళ్లు ఉంటే మా మహిళా కార్యకర్తలకు చెప్పండి. పేరు బయటికి రాదు. మాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయమనండి, డబ్బులు పడవు.